బకెట్టులో వెళ్ళిన సాబినా నిప్పు

మూడు వందల ఏళ్ళ వయసున్నది ఒకటి బకెట్టులో కూర్చుని, వానలో తడుస్తూ కొత్త ఇంటికి మారడం ఈ కళ్ళతో చూశాను. సరే, మూడు వందలు కాకపోవచ్చు. మా కాన్వెంటు సిస్టర్ల బడిలో అబద్ధానికి అరచేతి మీద దెబ్బ పడేది కాబట్టి ఓ వంద తగ్గిస్తాను. ఇంకా ఎక్కువనిపిస్తే మీరే ఓ యాభై తీసేసుకోండి. బకెట్టూ వానా మాత్రం నిజం.

బకెట్టులో ఉన్నది నిప్పు. మోసినవాడు ఫెస్టీ మానియన్, రాతిగోడలు కట్టే మనిషి, చిన్నప్పటి నుంచీ నా పొరుగువాడు.

మా కాన్నెమారా ప్రాంతంలో పొయ్యి ఆరనివ్వరు. చిత్తడినేలలో కోసి ఎండబెట్టిన, కట్టెల్లా మండే మట్టిగడ్డలే మాకు వంటచెరకు. పడుకోబోయే ముందు ఇల్లాలు నిప్పుల మీద బూడిద కప్పి ప్రార్థన చెబుతుంది. పొద్దున్నే బూడిద తీసి అదే నిప్పును మళ్ళీ రాజేస్తుంది, తరతరాలుగా. ఫెస్టీ ఇంట్లో నలభై ఆరేళ్ళు ఆ పని అతని భార్య సాబినాది, అంతకుముందు అతని తల్లిది. ఫెస్టీ ఆ పొయ్యి దగ్గర చేసిందల్లా కాళ్ళు చాపుకోవడమే.

పాత ఇల్లు మనుషులుండడానికి పనికిరాదని కౌన్సిల్ వాళ్ళు రోడ్డుకు ఎగువన కొత్తది కట్టించారు. వంటగదికి పసుపు రంగు సాబినాయే ఎంచింది. గోడల తడి ఆరకముందే గాల్వే పట్నంలో ఆస్పత్రి పాలైంది. మేం చూడబోతే మొదటి మాట అదే.

"పసుపే వేశారా?"

"పసుపే," అన్నాడు ఫెస్టీ.

"నా నిప్పు తీసుకెళ్ళు. ఆరనివ్వకయ్యా. అది లేకపోతే ఎవరిదో ఇంట్లో ఉన్నట్టుంటుంది నీకు."

పదకొండు రోజులకు ఆవిణ్ణి మట్టి చేశాం.

కొత్త ఇంటి తాళాలు శుక్రవారం చేతికొచ్చాయి. "రేపే మారిపో," అన్నాను.

"శనివారం మారినవాళ్ళు ఆ ఇంట్లో నిలవరు. అంతమంది సిస్టర్లు కలిసి నీకు ఇదొక్కటీ నేర్పలేదట్రా, కోల్‌మన్?"

సోమవారం సామానంతా నా ట్రాక్టరులో ఎక్కించాం. ఆ మధ్యాహ్నమే పాత ఇంటి కప్పు విప్పేస్తారు. ఫెస్టీ మంచి నిప్పులన్నీ ఏరి బకెట్టులో బూడిద మధ్య పెట్టుకుని, మిగిలినవాటి మీద నీళ్ళు పోశాడు.

"బకెట్టు కూడా ఇలా ఇవ్వు," అన్నాను.

"సాబినా నీ ట్రాక్టరు ఎప్పుడైనా ఎక్కిందా?"

"లేదు."

"నువ్వు తోలడం చూసే ఎక్కలేదు. దాని నిప్పు మాత్రం ఎందుకెక్కుతుంది? నడిచొస్తాను."

అరమైలు దూరం. గంటన్నర గడిచింది. వాన. చివరికి గుమ్మంలో నిలబడ్డాడు, టోపీ అంచుల నుంచి నీళ్ళు కారుతూ.

"ఎక్కడికి పోయావురా?"

"తనకి చూపించి వచ్చాను."

"ఎవరికి?"

"ఇంకెవరికి? సమాధి దగ్గర మూత తీసి పట్టుకున్నాను. చూశావా, తీసుకెళ్తున్నాను అని చెప్పాను. ఇంకా ఏవో చెప్పాను. చాలాసేపైపోయింది."

బకెట్టు అందుకుని మూత ఎత్తాను. నల్లటి బూడిద ముద్ద. వేలు పెట్టాను. చల్లగా ఉంది. తెచ్చుకుందామంటే పాత పొయ్యిలో నిప్పు లేదు.

వాడు చూడలేదు. పసుపు గోడను అరచేత్తో తడుముతున్నాడు.

"గడపకి తీర్థం చల్లకుండా నిప్పు పెడతావా? ట్రాక్టరు సీటు కింద సీసా ఉంది, వెళ్ళి తీసుకురా," అన్నాను. సీటు కింద అలాంటి సీసా ఏదీ లేదు. వెతకనీ అనుకున్నాను.

వాడు అటు వెళ్ళగానే పొయ్యిలో ఎండు మట్టిగడ్డలు నిలబెట్టి, దీపంలోని కిరసనాయిలు ఒంపి, అగ్గిపుల్ల గీశాను. మూడో పుల్లకి అంటుకుంది. బకెట్టులోని తడి బూడిదంతా ఆ గడ్డల కింద పరిచేశాను.

తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. గాలి పీల్చాడు.

"కిరసనాయిలు వాసన వస్తోంది."

"అది కొత్త రంగు వాసన."

నా మొహంలోకి చూశాడు. నా చేతులకేసి చూశాడు. సీసా సంగతి అడగలేదు. సాబినా కుర్చీ ట్రాక్టరు నుంచి దించుకొచ్చి మంటకు దగ్గరగా వేశాడు. దాని పక్కన నేల మీద కూర్చుని, కుర్చీ మీద తల ఆనించి ఏడ్చాడు. నేను బయటికొచ్చి వానలో నిలబడ్డాను.

మర్నాడు తెల్లారగానే ఎగువనున్న పొగగొట్టం చూశాను. సన్నగా పొగ లేస్తోంది. బూడిద కప్పడం తెలియని మనిషి ఎలా నిలబెట్టాడో నేనడగలేదు. ఏడేళ్ళుగా ఏ పొద్దూ ఆ పొగ తప్పలేదు.

ఇదంతా రాసి నిన్న వాడికి చదివి వినిపించాను. కాళ్ళు చాపుకోకుండా, నిటారుగా కూర్చుని చివరిదాకా విన్నాడు.

"అబద్ధం," అన్నాడు. "ఆ రోజు వాన లేదు. నేను సమాధి దగ్గర ఆగనే లేదు. ఇది సాబినా నిప్పు. ఎన్నడూ ఆరలేదు."