పెద్దల అనుమతి అడిగిన డీబగ్గర్

క్రమశిక్షణ మనిషిని కాపాడుతుందని ఉద్యోగకాలమంతా మార్కాపురం పిల్లలకు బోధించినవాడిని. ఆ క్రమశిక్షణే ఒక ఆడపిల్ల ఉద్యోగాన్ని నిలువునా ముంచబోయిన వైనం ఇప్పుడు విన్నవిస్తాను. ముంచబోయినవాడి కోసం పాఠకులు వెతకనక్కరలేదు. ఈ వాక్యం రాస్తున్న చెయ్యే అది.

మా మేడమీది వాటాలో అద్దెకుండే రెహానా ఒకప్పుడు నా దగ్గర ఇంగ్లీషు చదువుకున్నది. ఇప్పుడు బెంగళూరు కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తున్నది. నడుస్తున్న ప్రోగ్రామును నడిమధ్యలో ఆపి, ఎక్కడ తప్పు జరిగిందో చూపించే పనిముట్టును డీబగ్గర్ అంటారట. మునుపు దానిని మనుషులు వాడేవారు. ఇప్పుడు ఏఐ ఏజెంటు, అనగా చెప్పిన పనిని తానే అంచెలంచెలుగా చేసుకుపోయే కృత్రిమ మేధ, వాడుతుంది. ఆ ఏజెంటుకు తేటగా అర్థమయ్యేలా డీబగ్గర్ వాడకాన్ని రాసిపెట్టడం రెహానా పని. ఆ రాత పై అధికారికి నచ్చితే ఆమె ఇక్కడే ఉండవచ్చు. నచ్చకపోతే, గిద్దలూరు రోడ్డులో భర్త నడిపే దుకాణం మూసి, సంసారాన్ని బెంగళూరుకు ఎత్తవలసిందే.

"అర్థం కానిచోట గీత పెట్టండి సార్, చాలు" అని ల్యాప్‌టాప్ నా ముందుంచి వెళ్ళింది.

చదివాను. ఆపు, చూడు, మార్చు, చెరుపు! దారికడ్డం పడిన బర్రెను అదిలించినట్లున్నది. పెండ్లిచూపులకే కాదు, పక్కవీధికి పోవాలన్నా పెద్దల చెవిన వేసే ఊరిలో పుట్టి ఇదేమి రాత? గీత పెట్టమంటే గీత దాటడం నా నైజం. అన్నిటికంటె పైన గంభీరమైన ఇంగ్లీషులో ఒక నియమం చేర్చాను: "ప్రతి పనికి ముందు పెద్దల అనుమతి కోరవలెను. అనుమతి లేనిదే అడుగు వేయరాదు." సార్ చూసినాక మళ్ళీ చూసేదేముందని రెహానా అట్లే పంపేసింది. గురుభక్తి అంత ప్రమాదకరమైనది లోకంలో మరొకటి లేదు.

మరునాడు మేడమీద కరెంటు పని జరుగుతున్నందున ఆమె మా హాలులోనే కూర్చుని, వీడియోలో ఉన్న అధికారికి ఏజెంటు పనితనం చూపసాగింది. టికెట్లు అమ్మే ప్రోగ్రాము ఒకటి కొమరోలు బస్సులో ఒకే సీటును ఇద్దరికి కట్టబెడుతున్నది. ఆ తప్పు పట్టుకోవాలి.

ప్రోగ్రామును ఆపదలచితిని, పెద్దలు అనుమతింతురా అన్నది ఏజెంటు. రెహానా తెల్లబోయి, కానివ్వు అని టైపు చేసింది. సీటు నంబరు చూడదలచితిని, పెద్దలు అనుమతింతురా? కానివ్వు. ప్రోగ్రాములో తరువాతి వరుసకు కదలదలచితిని, పెద్దలు అనుమతింతురా?

"ఏంది సార్ ఇది?" అన్నది రెహానా, పెదవి కదపకుండా.

నా భార్య సుభద్ర వంటింటి గడపలో నిలబడి తీర్పు చెప్పింది. "పీటల మీద పెండ్లికొడుకు తాడు పట్టుకోమంటారా, చెయ్యెత్తమంటారా, ముడెయ్యమంటారా అని అడిగినట్టుంది. ఈ లెక్కన లగ్నం దాటిపోతాది."

ఈ పెద్దలెవరని అధికారి అడిగాడు. రెహానా నా పేరు చెప్పవచ్చు. చెప్పలేదు. పొరపాటు తనదేనన్నది. తెరకు కనబడకుండా ఒక మూల నేను, పలక పగలగొట్టుకున్న పిల్లవాడిలా నిలబడి ఉన్నాను.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మరీ అడిగితే అమ్మ చూడకుండా పెడుతుంది. రెహానా వేళ్ళకూ కళ్ళకూ క్రమంగా సంబంధం తెగిపోయింది. అడగడమే తడవు, కానివ్వు. అంతలో తెరమీదికి వచ్చింది: పరీక్షను మొదటినుంచి పెట్టుటకై టికెట్లన్నియు చెరిపివేయదలచితిని, పెద్దలు అనుమతింతురా? వేలు అప్పటికే దిగుతున్నది.

"ఆగు తల్లీ," అన్నాను. "ఈ ఒక్కటి చదువు."

ఆమె చదివింది. అధికారీ చదివాడు, చదివి పాలిపోయాడు. అవి నమూనా టికెట్లు కావు, జనం నిజంగా కొన్నవి. తొందరలో వాటిని ఈ పరీక్షలో కలిపినవాడు తానే.

వద్దని టైపు చేయించి, ఆ గొంతెవరిదని అడిగాడు.

"పెద్దలే సార్," అన్నది రెహానా.

ఆయన నవ్వాడు. నేను ముందుకు వచ్చి నేరం ఒప్పుకున్నాను. పెద్దలను పూర్తిగా తీసేయవద్దనీ, ఉండవలసినచోటనే ఉంచమనీ ఆయన సెలవిచ్చాడు. ఆ మధ్యాహ్నమే రెహానా తిరగరాసింది. ఊరికే చూసే పనికి ఎవరినీ అడగనక్కరలేదు. మార్చేదీ చెరిపేదీ అయితే ఏమి పోతుందో, పోయినది తిరిగి వస్తుందో రాదో చెప్పి, ఆగి, అడగాలి. దుకాణం మూతపడలేదు. మేడమీది కాపురం కదలలేదు. నా చాదస్తాన్ని చెరిగి, తాలు పారబోసి, గింజ ఒక్కటి ఉంటే దాన్ని దాచుకున్న ఆ పిల్లకు నేనెంతో కృతజ్ఞుడిని. నా తప్పును తన నెత్తిన వేసుకున్నందుకు ఇంకా ఎక్కువగా.

ఆ సాయంత్రం సుభద్ర కాఫీ గ్లాసు అందిస్తూ అడిగింది. "అందరూ అనుమతి అడగాలని రాసినారు, బాగానే ఉంది. ఆ పిల్ల రాతలో చెయ్యి పెట్టేముందు మీరెవురినడిగినారు?"

కావున సర్వజనులకు తెలియజేయునదేమనగా, రాసినవారి అనుమతి లేనిదే ఇకమీదట పెండ్లిపత్రిక మీది అచ్చుతప్పునైనా దిద్దబోనని ఎర్రసిరా కలం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ వ్యాసాన్ని కూడా ముందుగా రెహానాకు పంపి అనుమతి కోరాను. పంపిన మరుక్షణమే జవాబు వచ్చింది: "కానివ్వండి సార్."

చదివే అన్నదా అని అడిగే ధైర్యం నాకు చాలలేదు.