ఆరడుగుల పిల్లా, ఆడని మూడు ఆటలూ

మా కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీమ్ ఫొటో తీస్తే అందులో అందరికంటే పొడుగ్గా కనిపించేది నేనే. నేను ఆటగత్తెను కాను. స్పోర్ట్స్ ఆఫీసులో కాగితాలు చూసే ఉద్యోగిని. బస్సు బుక్ చేయడం, జెర్సీలు ఉతికించడం, పిల్లల పాస్‌పోర్టు కాపీలు ఫైల్లో పెట్టడం నా పని. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. విజయవాడలో అది చెప్పుకోదగ్గ ఎత్తే. బాస్కెట్‌బాల్‌లో దాన్ని ఎవరూ ఎత్తు అనరని దుబాయ్ వచ్చాకే తెలిసింది.

ఆ టీమ్ ఓడిపోవడం నాకు అలవాటైపోయింది. కరోనాకి ముందు సీజన్ మొత్తం ఓడిపోయారు. కరోనాలో ఆటలే లేవు కాబట్టి ఓడిపోలేదు. మళ్ళీ మొదలుపెట్టాక మళ్ళీ ఓడిపోయారు. పిల్లలు మంచివాళ్ళే, పరిగెత్తేవాళ్ళు, చెమటలు కక్కేవాళ్ళు. కానీ బంతి రింగు దగ్గరికి చేరేసరికి అవతలి టీమ్ పొడుగుపిల్ల చెయ్యి చాపి, అటకమీద డబ్బా తీసుకున్నట్టు తీసుకుపోయేది.

రెండువేల ఇరవైరెండు జనవరిలో విద్యార్థుల వ్యవహారాలు చూసే పెద్దాయన మమ్మల్ని పిలిచాడు. కాలేజీలో అందరం ఆయన్ని ముదీర్ అనే అంటాం, అరబ్బీలో పెద్ద అధికారి అని. నేనూ, కోచూ వెళ్ళి కూర్చున్నాం. మా కోచ్ ఫిలిప్పీన్స్ మనిషి. ఆయనకి బాస్కెట్‌బాల్ అంటే ఎంత ప్రాణమంటే, మీటింగులో కూడా ఒళ్ళో బంతి పెట్టుకుని కూర్చుంటాడు. ముదీర్ ఆ బంతి వైపు చూస్తూ చెప్పాడు: ఈ సెమిస్టర్లో అయిదు ఆటలు ఉన్నాయి, ఒక్కటంటే ఒక్కటి గెలవండి, లేకపోతే టీమ్ ఖలాస్, హాల్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం. బయటికొచ్చాక కోచ్ బంతిని చంకలో పెట్టుకుని హాల్ వైపు వెళ్ళిపోయాడు. నాకైతే ముదీర్ మీద ఒళ్ళు మండిపోయింది. ఓడిపోతున్నారని పిల్లల్ని ఆటే మాన్పిస్తారా ఎవరైనా?

ఆ వారంలోనే ఆ పిల్ల వచ్చింది. నా ఆఫీసు తలుపు దగ్గర అలవాటుగా తల వంచింది. నిజానికి వంచక్కర్లేదు, ద్వారం ఎత్తుగానే ఉంది. తలకి నల్లటి స్కార్ఫ్, భుజాన బ్యాగు, ఆరడుగుల మనిషి. వేరే కాలేజీ నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చానని ఇంగ్లీషులో చెప్పి పాస్‌పోర్టు ఇచ్చింది. పుట్టిన ఊరు కడప అని ఉంది.

"తెలుగమ్మాయివా తల్లీ?" అన్నాను.

"అవు ఆంటీ. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. చిన్నప్పుడే ఈడికి వచ్చేసినాం. ఇప్పుడు అజ్మాన్‌లో ఉంటాం, మా నాయనది టైలరింగ్ షాపు."

"ఏం ఆడతావు?"

"సెంటర్ ఆంటీ. రింగు కింద నిలబడేది."

సరిగ్గా అప్పుడే కోచ్ లోపలికి వచ్చాడు. ఆ పిల్లని కిందినుంచి పైదాకా చూశాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. దేవుడి పటం ముందు కూడా అంత భక్తి నేను చూళ్ళేదు.

మర్నాటి నుంచే ఆ పిల్ల ప్రాక్టీసుకి వచ్చింది. గాలిలో ఉన్న బంతిని రెండు చేతులతో అందుకుంటుంటే మా పిల్లలు ఆట మానేసి నోరు తెరుచుకుని చూశారు. టీమ్‌లో అందరికంటే పొట్టిది ఒక నిజామాబాద్ పిల్ల ఉంది, నా భుజం దాకా వస్తుంది. అది నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "ఆంటీ, ఈ అక్క ఉంటే మనం గెలుస్తం గదా, పక్కా గదా?" అంది. గెలుస్తాం అన్నాను. నేనూ నమ్మాను మరి.

ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక ఆ పిల్ల నాతో చెప్పింది. "మా పాత కాలేజీలో కరోనాకి టీమ్ తీసేసినారు ఆంటీ. మళ్ళీ పెడతారేమో అని చూస్తా ఉంటే, ఒకరోజు పొయ్యేసరికి రింగులు గూడా ఊడదీసినారు. ఈడ టీమ్ ఉందని తెలిసే వచ్చినా. ఇది గూడా పోతే నాకు ఇంగో కాలేజీ లేదు. డిగ్రీ అయిపోతాది, ఆట అయిపోతాది." ఏడుపు లేదు, మెరమెచ్చులు లేవు. ఉన్నమాట చెప్పి నీళ్ళు తాగింది.

వేరే కాలేజీ నుంచి వచ్చిన పిల్ల ఆడాలంటే పాత కాలేజీ వాళ్ళు మాకు అభ్యంతరం లేదని ఉత్తరం ఇవ్వాలి. స్టాంపు వేసిన అసలు కాగితమే కావాలి. దాన్ని పోటీలు నడిపే ఆఫీసులో ఆ వారం ఆఖరి పనిదినం లోపల ఇవ్వాలి. ఆ ఆఫీసు షార్జాలో ఉంది. గడువు దాటితే మూడు ఆటలు అయ్యాకే మళ్ళీ తీసుకుంటారు. ఆ పిల్ల పాత కాలేజీలో మూడు గంటలు కూర్చుని, మంగళవారం మధ్యాహ్నానికల్లా ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టింది. "రేపే ఇచ్చేస్తారా ఆంటీ?" అంది. "నాకొదిలెయ్యమ్మా, పదహారేళ్ళ సర్వీసు నాది" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

బుధవారం వెళ్ళలేదు. గురువారం వెళ్ళలేదు. షార్జా రోడ్డంటే నాకు భయం. మామూలు రోజున పోయిరావడానికి సగం ఆయుష్షు అందులోనే అయిపోతుంది. శుక్రవారం పొద్దున్నయితే రోడ్డు ఖాళీ, హాయిగా ఇచ్చేసి రావచ్చనుకున్నాను. ఇక్కడ శుక్రవారం సంగతి చెప్పాలి. పదహారేళ్ళుగా ఈ దేశంలో శుక్రవారమంటే సెలవు. తలంట్లూ, దోసెలూ, మధ్యాహ్నం నిద్రా. ఆ జనవరి నుంచే సెలవులు మార్చారు. శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం మధ్యాహ్నం దాకా పని. మొదటి శుక్రవారం నేను ఆఫీసు సంగతే మరిచిపోయి దోసెలు పోస్తూ కూర్చుంటే ఫోన్ చేసి పిలిచారు. అందుకని ఈసారి గుర్తుపెట్టుకున్నందుకు నాకు నేనే భుజం తట్టుకున్నాను.

శుక్రవారం ఎనిమిదిన్నరకి షార్జాలో ఉన్నాను. రోడ్డు నున్నగా ఖాళీ. ఆఫీసు తలుపుకి తాళం. మెట్లమీద టీ తాగుతున్న వాచ్‌మన్ నన్ను చూసి జాలిపడ్డాడు.

"మేడమ్, షార్జా మే జుమ్మా ఛుట్టీ. సోమ్‌వార్ ఆనా."

షార్జాలో శుక్రవారం కూడా సెలవట, సోమవారం రావాలట. దుబాయ్‌లో మధ్యాహ్నం దాకా పని, అరగంట దూరంలో షార్జాలో అసలు పనే లేదు. అలా ఉంటుందని ఎవరికి తెలుసు? అందరికీ తెలుసు. పేపర్లో వచ్చింది, వాట్సాప్‌లో తిరిగింది, మా ఆయన కాఫీ తాగుతూ గట్టిగా చదివి వినిపించాడు కూడా. నేను అప్పుడు చట్నీకి తాలింపు వేస్తున్నాను.

సోమవారం తలుపు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. అక్కడి ఆవిడ చాలా మర్యాదగా, గడువు గురువారంతో అయిపోయిందనీ, మూడో ఆట తర్వాత రమ్మనీ చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఎంత బతిమాలినా ఏం లాభం?

తిరిగొచ్చేసరికి కోచ్ హాల్ గుమ్మంలోనే ఉన్నాడు. ఏమైంది మేడమ్ అన్నాడు. ఆయన ముఖం చూశాను. నోట్లోంచి అబద్ధం దానంతటదే వచ్చింది. "పాత కాలేజీ వాళ్ళు లెటర్ ఆలస్యంగా ఇచ్చారు" అన్నాను. ఆ పిల్ల పక్కనే బెంచీ మీద బూటు లేసు కట్టుకుంటోంది. చేతులు ఆగాయి. తలెత్తి నా వైపు ఒకసారి చూసింది. మళ్ళీ వంగి రెండో బూటు కట్టుకుంది. కోచ్ పాత కాలేజీని తన భాషలో తిట్టాడు. నేను తేలుకుట్టిన దొంగలా నా సీట్లోకి పోయి కూర్చున్నాను.

ఇంకొకరయితే ఏం చేసేవారో నాకు తెలుసు. నేనయితే హాల్ కప్పు లేచిపోయేలా అరిచేదాన్ని. ఆ పిల్ల మూడో రోజునుంచి మిగతా పిల్లలకి నేర్పే పని మొదలుపెట్టింది. ఆడేవాళ్ళ జాబితాలో పేరు లేదు గనక ఆటల రోజున మామూలు టీషర్టులో బెంచీ చివర కూర్చునేది. ప్రాక్టీసులో మాత్రం నేల తుడిచే మాపు కర్ర తెచ్చుకుని నెత్తిమీదికి ఎత్తి పట్టుకుని రింగు కింద నిలబడేది. ఆరడుగుల మనిషి, పైన ఇంకో నాలుగడుగుల కర్ర. దాని మీదుగా బంతి వేయమనేది.

"పొడుగోళ్ళని చూసి భయపడొద్దు. నాకు తెలుసు గదా, మేం వంగలేం. మీరు మోకాళ్ళు వంచి, నడుముతో ఆనించి, మమ్మల్ని రింగు దగ్గరికి రానీకండి. బంతి ఎట్లయినా కింద పడతాది. అప్పుడు మీదే."

నిజామాబాద్ పిల్లని రోజూ ఇరవైసార్లు తన మీదికి ఆనించుకుని తొయ్యమనేది. అది దూది మూటలా ఎగిరిపడేది. లేపి మళ్ళీ తొయ్యమనేది. అజ్మాన్ బస్సు తప్పిపోతున్నా ఇంకో ఐదుసార్లు అనేది. తన వయసుకి ఆ ఓపిక ఎక్కడిదో! నలభై అయిదేళ్ళొచ్చినా నాకు లేదు. ఆ పిల్లని చూస్తుంటే గర్వంగా ఉండేది, వెంటనే సిగ్గేసేది.

మూడు ఆటలూ ఓడిపోయాం. రెండోది ఆరు పాయింట్ల తేడా, మూడోది మరీ దారుణం, రెండు పాయింట్లు. అవతలి సెంటర్ పిల్ల మా రింగు కింద బంతి తీసుకున్నప్పుడల్లా నా కళ్ళు బెంచీ చివరికి పోయేవి. ఆ పిల్ల మోకాళ్ళ మీద చేతులు బిగించి పెట్టుకుని కూర్చునేది. ఆట అవగానే లేచి అందరికీ నీళ్ళ సీసాలు అందించేది. నాకూ ఒకటి ఇచ్చేది. ఒక్క మాట అడిగేది కాదు.

నాలుగో ఆటకి ముందు, ఆ ఉత్తరం ఇవ్వడానికి షార్జా ఆఫీసు తలుపు తీసేవాళ్ళకంటే ముందే నేనక్కడున్నాను. ఆట రోజున ఆ పిల్ల జెర్సీ వేసుకుని దిగింది. మా వాళ్ళు సంబరంలో బంతి ఎవరికి దొరికినా ఆ పిల్లకే విసిరారు. అవతలివాళ్ళు ముగ్గురు ఆమెను చుట్టుముట్టారు. మిగతావాళ్ళు నిలబడి ఆమె ఆట చూశారు, టిక్కెట్టు కొనుక్కున్నట్టు. నాలుగు పాయింట్లతో ఓడిపోయాం. బస్సులో ఆ పిల్లకి మొదటిసారి కోపం వచ్చింది. "నన్ను చూడ్డానికి వచ్చినారా మీరు? ఆడండి!" అంది.

ఇక మిగిలింది ఒక్కటే. ముదీర్ కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు, మాస్కు పైన కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. నాలుగు భాగాల ఆటలో మొదటి మూడూ మా పిల్ల ఒక్కతే గోడలా నిలబడింది. ఎగిరింది, పడింది, లేచింది. మోచేతికి చర్మం లేచిపోతే స్కార్ఫ్ సరిచేసుకున్నంత తేలిగ్గా తుడిచేసుకుంది. ఆరు పాయింట్లు ముందున్నాం. ఆట ముగియడానికి నాలుగు నిమిషాలుందనగా ఈల వేశారు. ఆమెకది అయిదో ఫౌల్. అయిదు ఫౌల్స్ అయితే ఇక ఆ ఆటలో ఆడనివ్వరు.

నేను సీట్లోంచి లేచి అరిచాను. ఆ పిల్ల మాత్రం రిఫరీతో వాదించలేదు. బయటికి వస్తూ నిజామాబాద్ పిల్లని దగ్గరికి లాక్కుని చెవిలో ఏదో చెప్పింది. తర్వాత మూడు ఆటలు కూర్చున్న చోటే కూర్చుంది. ఆరు పాయింట్లు నాలుగయ్యాయి, రెండయ్యాయి, ఒకటయ్యింది. నేను కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. చివరి క్షణంలో అవతలివాళ్ళు వేసిన బంతి రింగుకి తగిలి పైకి లేచింది. వాళ్ళ పొడుగుపిల్ల దాని కోసం ఎగరబోయింది. ఎగరలేకపోయింది. నిజామాబాద్ పిల్ల మోకాళ్ళు వంచి, నడుము ఆనించి, రింగు కింద పాతుకుపోయి ఉంది. బంతి నేల తాకింది, బజర్ మోగింది.

ఒక్క పాయింటుతో గెలిచాం! కోచ్ కూలబడి ఏడ్చాడు. ముదీర్ లేచి చప్పట్లు కొట్టాడు. వచ్చే ఏడాదికి కూడా హాల్ మీదే అని అక్కడికక్కడే చెప్పాడు.

బస్సులో పాటలు, కేకలు. నేను వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. మనసులో ఎన్నాళ్ళుగానో నలుగుతున్న బరువు దింపుకుందామనుకున్నాను. కానీ ఎంత తెలివిగా దింపుకోబోయానో చూడండి.

"ఒకందుకు మంచిదేలే అమ్మా. నువ్వు ఆ మూడు ఆటలు బయట కూర్చోబట్టే కదా వీళ్ళు నేర్చుకున్నారు. లేకపోతే ఇవాళ గెలిచేవాళ్ళా?"

ఆ పిల్ల నా వైపు తిరిగింది. కోపంగా లేదు.

"అట్ల అనుకోవద్దు ఆంటీ. నేను ఆడుతూ గూడా నేర్పిస్తాంటి. ఆ మూడూ నేను ఆడాల్సినవి."

"మరి కోచ్‌కి ఎందుకు చెప్పలేదు నువ్వు?" అన్నాను.

"మీరు చెప్తారని చూసినా. రోజూ చూసినా."

అంతే అంది. నన్ను నొప్పించాలని అన్నది కాదు, నా మీద అంత నమ్మకం పెట్టుకుందన్నమాట. ఇరవై ఏళ్ళు నిండని పిల్ల! నడుస్తున్న బస్సులో సీటు కడ్డీ పట్టుకుని లేచి నిలబడ్డాను. పాట ఆపమన్నాను. ఉత్తరం మంగళవారమే నా చేతికి వచ్చిందనీ, రోడ్డుకి బద్ధకించి శుక్రవారం దాకా పెట్టుకున్నది నేనేననీ, పాత కాలేజీ తప్పేమీ లేదనీ కోచ్ ముఖం చూస్తూ ఇంగ్లీషులో చెప్పాను. కోచ్ ఒళ్ళోని బంతిని రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

నిజామాబాద్ పిల్ల సీటు మీద మోకాళ్ళు వేసుకుని నా వైపు తిరిగింది. దాని ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"అంటే ఆంటీ, అక్క ఆడితే ఆ మూడు గూడ మనం గెలుస్తుంటిమా?"

పక్కకి చూశాను. ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తోంది. నాకోసం ఏమీ మాట్లాడలేదు.

"గెలిచేవాళ్ళం తల్లీ" అన్నాను.