నాన్న సంచిలో ఓడ కాగితం

మా నాన్నది ఎవరినీ నమ్మకూడని ఉద్యోగం. హార్బరు గేటు దగ్గర వాచ్‌మన్. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళ సంచులు, అన్నం కేరేజీలు, తలపాగాలు విప్పించి చూసి మరీ బయటికి వదిలేవాడు. ఇంటికొచ్చాక కూడా ఆ చేతులు ఊరుకునేవి కావు. బడి నుంచి రాగానే నా పుస్తకాల సంచి గుమ్మం దగ్గరే బోర్లించాలి. అమ్మ మంచినీళ్ళిస్తే గ్లాసు అడుగు చూసుకుని తాగేవాడు. ఆ గుణం నాకూ వచ్చింది. ఇప్పటికీ ఎవరైనా ఊరికే నవ్వితే, ఎందుకు నవ్వారా అని రెండు రోజులు ఆలోచిస్తాను.

విశాఖకు ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందట, వస్తుందట అని అందరూ చెప్పుకునే రోజులవి. నాకు పదమూడేళ్ళు. కంచరపాలెంలో రైలు పట్టాలకు దగ్గరగా, ఒకే అరుగు మీద రెండు గుమ్మాలు. ఒకటి మాది, రెండోది మావయ్యది. ఆయన మాకు రక్తసంబంధం ఏమీ కాదు. శ్రీకాకుళం వైపు పల్లెలో వ్యవసాయం వదిలేసి వచ్చి, ఓడల్లో గదులు ఊడ్చే పనిలో కుదిరిన మనిషి. నాన్న ఆయన్ని బావా అనేవాడు కాబట్టి నాకు మావయ్య. వాళ్ళు హిందువులు, మేం క్రైస్తవులం. క్రిస్మస్ నాడు పిండివంటల పళ్ళెం మా ఇంట్లోంచి మొదట వెళ్ళేది ఆ గుమ్మానికే.

ఆ ఏడు సండే స్కూల్ టీచరమ్మ కొత్త నియమం పెట్టింది. బహుమతులు కొనకూడదు, రంగు కాగితాలతో ఎవరికి వారే చేయాలి, పండగ పొద్దుటిదాకా ఎవరికీ చెప్పకూడదు. ఎలా చేయాలో ఆవిడే చూపించింది. ఖాళీ అగ్గిపెట్టెలు నాలుగు ఒకదానిమీద ఒకటి అంటించి, చుట్టూ గ్లేజు కాగితం చుట్టి, ఒక్కో సొరుగుకి ఒక చొక్కా గుండీ కుడితే పిన్నీసులు దాచుకునే బీరువా. అది అమ్మకి. పాత గ్రీటింగు కార్డు సన్నగా కత్తిరించి, కొసకి ఊలు దారం కడితే బైబిల్లో పెట్టుకునే గుర్తు. అది నాయనమ్మకి. మైదాపిండి ఉడకబెట్టి, బొద్దింకలు కొరక్కుండా చిటికెడు మైలుతుత్తం కలిపితే జిగురు తయారు.

నాన్నకి కళ్ళజోడు పెట్టె చేద్దామనుకున్నాను. నోటుబుక్కు అట్ట దొరికింది కానీ, దానికి చుట్టడానికి వీధి కొట్లో దొరికే గ్లేజు కాగితం నా కంటికి ఆనలేదు. ఆ మాటే మావయ్యతో అన్నాను.

“ఓడలో దొరలు పండగ బహుమతులకి సుట్టగా మిగిలిన కాయితాలు బుట్టనిండా పడతన్నాయే,” అన్నాడు మావయ్య. “ఎర్రగా, బంగారం గీతల్తో మెరుస్తన్నాయి. కానీ ఏటి సేత్తాను? సెత్త కాయితమైనా ఆఫీసోళ్ళు రాసిచ్చిన సీటీ నేకుండా గేటు దాటదు. మీ నాన్న సంగతి నీకు తెల్దా?”

“నాన్న సంచి ఎవులూ సూడరు కదా మావయ్యా.”

ఆ మాట నాదే. ఎవరూ నేర్పలేదు. మావయ్య “బావ కూతురివనిపించేవు,” అని నవ్వాడు.

మధ్యాహ్నం నాన్నా, మావయ్యా గేటు గదిలోనే కలిసి అన్నం తినేవారు. నాన్న సంచి అక్కడే మేకుకి వేలాడేది. అందులో కేరేజీ కింద పరిచిన అట్ట అడుగున మావయ్య ఆ కాగితం పెట్టేశాడు. ఇంటికొచ్చాక కేరేజీ కడగడం నా పని. ఊరందరినీ వెతికే మనిషి భుజాన వేసుకుని తెచ్చిన కాగితాన్ని నేను తీసి పరికిణీలో దాచుకున్నాను. చెప్పొద్దూ, ఎంత గర్వపడ్డానో!

పెట్టె చేసి బియ్యం డబ్బాలో దాచాను. పండగ ఇంకా ఎనిమిది రోజులుందనగా, మిగిలిన ముక్క నా ట్రంకు కింద నాన్నకి దొరికింది.

“ఏటే ఇది? ఓడ కాయితం. ఎవులిచ్చేరు?”

“మావయ్య,” అన్నాను. అక్కడితో ఆపేశాను. సగం నిజం చెబితే అబద్ధం కాదనుకునే వయసు.

నాన్న ఆ ముక్క పట్టుకుని అరుగు మీదకి వెళ్ళాడు. “ఏటి బావా, నా గేటు దాటించి నా ఇంట్లోనే ఎట్టేవా? ఏ దారంట తెచ్చేవు?”

మావయ్య నా వైపు చూశాడు. నేను గుమ్మం వెనక్కి తప్పుకున్నాను.

“తెచ్చేనులే బావా. సెత్తబుట్టలో కాయితం. ఒగ్గెయ్.”

“ఏ దారంట?”

“అది మాత్రం సెప్పను.”

నాన్నకి ఆ మాట చాలు. తన గేటుకి తనకి తెలియని కన్నం ఉంది, అది బావకి తెలుసు. మర్నాటి నుంచి గేటు దగ్గర అందరికంటే ముందు మావయ్యను పక్కకి నిలబెట్టి తలపాగా విప్పించేవాడట, చెప్పులు దులిపించేవాడట. ఇంటికొచ్చి ఆ సంగతంతా అమ్మకి చెప్పేవాడు. “ఈయేడు ఆళ్ళింటికి పళ్ళెం ఎల్లొద్దు,” అని కూడా చెప్పేశాడు. నేను తేలు కుట్టిన దొంగలా కేరేజీ తోముతూ అన్నీ విన్నాను. మావయ్య నోరు విప్పితే నాన్న పరువే పోతుంది, అందుకే మాట పడుతున్నాడని నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు. టీచరమ్మ పండగదాకా చెప్పొద్దంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాకు భయం. అంతకుమించి ఇంకేమీ లేదు.

క్రిస్మస్ పొద్దున చర్చి నుంచి వచ్చాక అమ్మకి బీరువా ఇచ్చాను, నాయనమ్మకి గుర్తు ఇచ్చాను. ఆఖరికి నాన్న చేతిలో కళ్ళజోడు పెట్టె పెట్టాను. ఎర్ర కాగితం చూడగానే ఆయన ముఖం మారిపోయింది.

“ఇది గేటెలా దాటిందో సెప్పు.”

“నీ సంచిలోనే నాన్నా. కేరేజీ కింద. అలా ఎట్టమని నానే సెప్పేను.”

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. లేచి మేకుకున్న సంచి తీసి, అట్ట బయటికి లాగి, అడుగు పైకి తిప్పి దులిపాడు. నాలుగు ఆవగింజలు రాలాయి. వాటిని చాలాసేపు చూశాడు. తర్వాత అమ్మ దగ్గర పళ్ళెం తీసుకుని, ఎప్పుడూ నేను తీసుకెళ్ళే పళ్ళెం, తనే పక్క గుమ్మం ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. మావయ్య అరుగు మీద పక్కకి జరిగి చోటివ్వడం మాత్రం కనపడింది.

ఆ తర్వాత నాన్న రిటైరయ్యేదాకా, రోజూ సాయంత్రం ముందు తన సంచి బల్ల మీద బోర్లించి, అక్కడున్న ఎవరిచేతనైనా చూపించుకుని, అప్పుడే ఇంకొకరి సంచి ముట్టుకునేవాడని మావయ్యే చెప్పాడు. ఆ పెట్టె అంచులు చిరిగి అట్ట బయటపడ్డా నాన్న అందులోనే కళ్ళజోడు పెట్టుకున్నాడు.

పండగ సెలవులయ్యాక బడి తెరిచిన మొదటి రోజు నేను గుమ్మం దగ్గర అలవాటుగా సంచి బోర్లించబోయాను. నాన్న ముఖం తిప్పుకుని, “అక్కర్నేదు, లోపలికెళ్ళు,” అన్నాడు. ఆ రోజే కాదు, మళ్ళీ ఎప్పుడూ నా సంచి వెతకలేదు. నన్ను నమ్మాడో, ఇక నమ్మకూడదని తేల్చుకున్నాడో ఈనాటికీ నాకు తెలియదు. నిండు సంచి భుజాన పెట్టుకుని ఆయన ముందు నుంచి నడిచినప్పుడల్లా, ఒక్కసారి ఆపి వెతికితే బాగుండునని ఏడుపొచ్చేది.