నూట ఎనిమిది నొక్కిన పూజ

చెన్నై వ్యాసర్పాడిలో మేం పనిచేసే రేకుల షెడ్డులో ప్రెస్సు మిషన్‌కు ప్రోగ్రాం రాసేది ధనుంజయన్న. తొండియార్‌పేటలో పుట్టి పెరిగాడు. ఎప్పుడూ గొంతు పెంచడు. కొట్టినా తల దించుకునే మనిషి అనుకునేవాళ్లం.

ఆ ప్రెస్సుకు నలభై అచ్చులు. అచ్చు నంబరు నొక్కితే సుత్తి ఎంత లోతుకు దిగాలో మిషన్ తన మెమరీలో ఆ గడి చూసి తెలుసుకుంటుంది. నలభై దాటితే ఎర్ర దీపం వెలిగి మిషన్ ఆగిపోతుంది. ఆ కాపలా పెట్టింది అన్నే.

షెడ్డు యజమాని, మా మొదలాళి ఏకాంబరం, ఆయుధపూజనాడు శుభమని మొదట నూట ఎనిమిదే నొక్కుతాడు. ఈ ప్రెస్సు వచ్చిన మొదటి ఏడు కర్పూరం వెలుగుతుండగా ఎర్ర దీపం వెలిగింది. అపశకునమంటూ స్పానర్ విసిరాడు. అన్న చెవి పక్కన గోడ పెచ్చు లేచింది.

మరుసటి ఏడు పూజకు ముందే అన్నను పిలిచాడు.

"ఆ దీపం తీసెయ్‌రా. నువ్వు రాసిందాన్ని మిషన్ భాషలోకి మార్చే ఆ కంపైలర్ అంతా చూసి సరే అంటాదని నువ్వే గదా చెప్పినావు? మళ్లీ చూసేదెందుకు?"

"నేను రాసిన నంబర్లయితే అది ముందే చూస్తాది మొదలాళీ. మీరు ఈడ నొక్కబొయ్యేది దానికెట్లా తెలుస్తాది? అది మిషన్ నడిచేటప్పుడే చూడాల."

"నా వేలికే కాపలానా?" చెంప పగిలింది. పెదవి చిట్లింది. అన్న నెత్తురు తుడుచుకుని, ఆ కాపలా తీసేశాడు.

తర్వాత, మాతో పనిచేస్తూ పూజనాడు అచ్చుకు బొట్టు పెట్టే పొన్నమ్మక్కతో మెల్లగా అన్నాడు. "ఆయన నొక్కేటప్పుడు చెయ్యి లోపల పెట్టొద్దక్కా. నలభై దాటితే ఆడ ఏ అంకె ఉంటాదో నాకే తెలీదు."

"పోరా, దెబ్బలు తినేది నువ్వు, బుద్ధులు నాకా?" అక్క నవ్వింది.

పూజలో అక్క కుంకుమ చేత్తో అచ్చు మీదికి వంగింది. మొదలాళి కళ్లు మూసుకుని నూట ఎనిమిది నొక్కాడు. దీపం వెలగలేదు. వేరే పనికి దాచిన ఏదో అంకెను లోతనుకుని సుత్తి విరుచుకుపడింది. అన్న ఉరికి అక్క చేతిని పక్కకు కొట్టాడు. ఆ చెయ్యి బయటపడింది. అతని రెండు వేళ్లు లోపలే నలిగిపోయాయి. అచ్చు పగిలి ఇనుప ముక్క దేవుడి పటం అద్దాన్ని చీల్చింది.

అన్న నెత్తురోడే కుడి చేతిని బయటికి లాక్కున్నాడు. ఎడమ చేత్తో మొదలాళి మెడ పట్టి మిషన్ నోట్లోకి వంచాడు.

"ఇప్పుడు నొక్కమందునా సామీ, నూట ఎనిమిది?"

అక్కే ఏడుస్తూ విడిపించింది.

కేసు వద్దని ఏకాంబరం బతిమాలాడు. ఆ కాపలా జోలికి ఎవరూ రాకూడదని, వస్తే కేసేనని అన్న చెప్పాడు. కట్టు విప్పకముందే ఎడమ చేత్తో దాన్ని తిరిగి రాశాడు.

మొన్నటి పూజకు మొదలాళి మీటల దగ్గరికే రాలేదు. చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. పొన్నమ్మక్కే నూట ఎనిమిది నొక్కింది. ఎర్ర దీపం వెలిగాకే లోపలికి చెయ్యి పెట్టి బొట్టు పెట్టింది.