అతుకు లేని అంగీ

గల్ఫ్‌లో, బుసైతీన్‌లో తొమ్మిదేళ్లు నాతో ఒకే ఫ్లాట్‌లో ఉన్న స్నేహితుడు ఎండాకాలంలో చనిపోయాడు. మొరాకో కొండల్లోని ఒక ఊరివాడు, బెర్బర్ తెగవాడు. శవాన్ని పంపించాక, పదకొండో రోజున అతని బట్టలన్నీ మూటకట్టి మీనా సల్మాన్ ఓడరేవు దగ్గరి క్యాంపులో ఉండే మన కూలీలకి ఇచ్చేశాను. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోకపోవడం మా ఇంటి పద్ధతి. అతని పద్ధతి ఏమిటో ఎవర్నీ అడగలేదు.

చలికాలంలో అతని అన్న వచ్చాడు. టీ వద్దన్నాడు. కూర్చోలేదు. తమ్ముడి పెట్టె వెతికి, నల్ల ఉన్ని అంగీ ఏదని అడిగాడు. ఇచ్చేశానని చెప్పాను.

అప్పుడు ఇంగ్లీషులో, కోర్టులో సాక్షి చెప్పినట్టు చెప్పాడు. అది వాళ్ల నానమ్మ నేసింది. కత్తెర, సూది తగలకుండా మగ్గం మీద ఒకే ముక్కగా నేస్తారు. ఆ ఊళ్లో ఇప్పుడు అలా నేయగలిగినవాళ్లు లేరు. ఊరంతా ధాన్యం, దస్తావేజులు దాచుకునే కోటలో వాళ్లకొక గది ఉంది. అంగీ ఇక అక్కడే ఉండాలి.

ఆ కోట గురించి రెండు పుస్తకాలు చదివానని అన్నాను. అతని ముఖం చూసి ఆపేశాను. ఆ అంగీ తొమ్మిదేళ్లూ మా తలుపు వెనకే వేలాడింది. ఎవరు నేశారని నేనొక్కసారీ అడగలేదు.

ఇద్దరం క్యాంపుకి వెళ్లాం. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రి తన మంచం మీంచి అంగీలో సగం, పక్క మంచం మీంచి మిగతా సగం తెచ్చిచ్చాడు.

"ఏసీ కింద పండుడు సార్, సలి ఆగదు. చెరి సగం కోసుకున్నం. తప్పయిందా?"

అన్న రెండు ముక్కల్నీ నేల మీద పక్కపక్కన పరిచాడు. వీపు మీద కన్ను ఆకారంలో నేసిన ఎర్ర మచ్చ నడిమికి తెగింది. మంచి టైలర్‌తో కుట్టిస్తానన్నాను.

"నువ్వింకేదీ ముట్టుకోకు."

"ఐదు నెలల్లో ఒక్క ఫోనైనా చేశారా మీరు?" అన్నాను.

"మా అమ్మ మంచాన పడింది. ఆ అంగీ వస్తుందని చూస్తోంది."

మేస్త్రికి కొత్త దుప్పటి కొనిస్తానని చెప్పి బయటికొచ్చాను. కారులో ముందు సీటు ఖాళీగా ఉన్నా అన్న వెనక కూర్చున్నాడు, రెండు ముక్కలూ ఒళ్లో పెట్టుకుని. పోయినవాడు నాకూ కావలసినవాడేనని చెప్పాలనిపించింది. కారు విమానాశ్రయం వైపు తిప్పాను.