ఆర్వెల్ నింపిన పన్ను కాగితాలు

ఓలెటా ప్రూయిట్ చేత జుట్టు కత్తిరించుకోని ఆడమనిషి మా హాడ్లీ ఫెర్రీలో లేదు. టెనెసీ పిల్ల. పెళ్లయి నది దాటి మిస్సోరీకి వచ్చింది. భర్త హోయ్ట్ పోయాక ముందుగదిలోనే పార్లర్ పెట్టుకుంది. మాట కటువు, చెయ్యి మెత్తన. ఊళ్లో చనిపోయినవాళ్లకు ఆఖరిసారి తల దువ్వి పంపేదీ ఆవిడే.

ఆ మార్చిలో నేను తలకు రంగు వేయించుకుంటున్నాను. ఫోన్ మోగింది. జుట్టు కత్తిరించడానికి రాష్ట్రమిచ్చే ఆమె లైసెన్సు రెన్యువల్ ఎందుకు ఆగిందో చెప్పడానికి ఆఫీసువాళ్లు చేశారు. వింటూ వింటూ ఓలెటా కొయ్యబారిపోయింది. రంగు నా మెడమీదికి కారుతున్నా చూడలేదు.

"రాష్ట్రం పన్నా? ఏటేటా కడుతూనే ఉన్నాను కదమ్మా!" అంది. అవతలి మాట విని మళ్లీ అడిగింది. "తొమ్మిదేళ్లా?"

ఆమె కట్టిందంతా వాషింగ్టన్‌కు, అంటే కేంద్రానికి, వెళ్లే పన్నేనట. రాష్ట్రానికి ఒక్క రిటర్నూ చేరలేదట. అసలు, వడ్డీ, పైన జరిమానా. అది తేలేదాకా కత్తెర ముట్టకూడదు.

టెనెసీలో జీతం మీద రాష్ట్రం పన్ను వెయ్యదు. అందుకే ఆమెకు అనుమానం రాలేదు. కాగితాలన్నీ నింపేది మరిది ఆర్వెల్. చర్చిలో సగంమందికి ఊరికే నింపిపెట్టేవాడు. ఓలెటా నా తలకు తువ్వాలు చుట్టి, కారెక్కించి, తిన్నగా ఆయనింటికి పోనిచ్చింది.

ఆర్వెల్ పెరట్లో చేపలు తోముతున్నాడు.

"రాష్ట్రం కాగితాలు ఏవయ్యా?"

"అవి వేరే ఎందుకొదినా? వాషింగ్టనోళ్లకి పంపితే, వాళ్లే మనోళ్లకి ఇస్తారుగా."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలా. అంతే అనుకున్నా."

"మరి నీవి?"

ఆయన చేతిలో చేప జారిపడింది. "నావీ అంతే."

నావి కూడా ఆయనే నింపాడు.

మర్నాడు ఓలెటా పట్నంలో పన్నుల వకీలును కలిసింది. రాష్ట్రం అడక్కముందే తమంతట తాము వచ్చి కట్టేవాళ్లకు జరిమానా ఉండదన్నాడు. ఆమెను అప్పటికే అడిగేశారు కాబట్టి ఆమెకు ఆ దారి లేదు.

"ఊళ్లో చెప్పకొదినా, తలెత్తుకోలేను" అని బతిమాలాడు ఆర్వెల్.

ఆదివారం ప్రార్థన కాగానే లేచి నిలబడింది. "ఆర్వెల్ చేత పన్ను కాగితాలు నింపించుకున్నవాళ్లు లేవండి."

"ఇది దేవుడి మందిరం, ఓలెటా!" అని ఎవరో కసిరారు.

"అందుకే ఇక్కడ అడుగుతున్నా. బయట అడిగితే అబద్ధమాడతారు."

నేను లేచాను. పాటల బృందం మొత్తం లేచింది. చివరికి వేదిక మీద కూర్చున్న పాస్టర్ కూడా లేచాడు. విషయం చెప్పి, రాష్ట్రం అడక్కముందే వెళ్లి కట్టెయ్యమంది ఓలెటా. ఆర్వెల్ టోపీలో మొహం దాచుకున్నాడు.

మేమంతా వెళ్లి కట్టేశాం. ఎవరికీ జరిమానా పడలేదు, ఓలెటాకు తప్ప. వాయిదాలకు ఒప్పుకున్నాక ఆమె లైసెన్సు వచ్చింది. అప్పటిదాకా పార్లర్ మూసి, కోళ్ల కార్ఖానాలో ఈకలు పీకింది.

వేసవిలో ఆర్వెల్ తన పడవ అమ్మి, ఆ డబ్బు తెచ్చి పార్లర్లో అద్దం ముందు పెట్టాడు. ఓలెటా లెక్కపెట్టుకుంది.

"ఇంత చవగ్గా అమ్మావేంట్రా, దద్దమ్మా!" అని తిట్టి, "కూర్చో, నీ జుట్టు చూడలేకపోతున్నా" అంది.