చిన్న ప్లాను కోసం ధర్మతల్లా దాకా

పొద్దున్న ఎనిమిదీ అయిదు లోకల్లో బెంగాల్లో నేనుండే బడ్జ్ బడ్జ్ నుంచి బయలుదేరాను. టికెట్ పది రూపాయలు. రైలు కదిలే సరికి జేబులో ఫోను పదకొండుసార్లు మోగింది. పోర్టులో పెద్ద హోదాలో పనిచేసి దిగినవాణ్ని గనక ఇప్పటికీ నన్ను ఊపిరాడనివ్వరని రాద్దామనుకున్నాను. కానీ నేను ఖిదిర్‌పూర్ డాకుల్లో బస్తాలు లెక్కపెట్టి రిటైరైన గుమాస్తాని. ఆ పదకొండుసార్లూ చేసింది ఒక్కరే, సోంపేట దగ్గర మా ఊళ్లో ఉన్న మా అక్క.

మా పద్ధతి చెప్తే గానీ ఈ యాత్ర అర్థం కాదు. సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చి నిమిషానికింత అని గుంజే రోజుల్లో అక్కా నేనూ ఒక ఒప్పందానికొచ్చాం. పొద్దున్న అయిదున్నరకి ఆమె ఒక్క రింగిచ్చి పెట్టేస్తుంది. వెంటనే నేను ఒక్క రింగిచ్చి పెట్టేస్తాను. ఇద్దరం బతికే ఉన్నామని దానర్థం. ఎవరూ ఎత్తకూడదు. ఎత్తారంటే ఎవరో పోయారన్నమాట. ఇన్నేళ్లలో మూడుసార్లే ఎత్తాం, మూడుసార్లూ పాడె కట్టిన కబురే.

నిన్నటితో నా ప్లాను గడువు అయిపోయింది. ఈ పొద్దున్న అక్క రింగు వచ్చింది గానీ నా రింగు వెళ్లనంది. రీచార్జ్ చేయించుకోమని ఓ ఆడగొంతు బెంగాలీలో ఒకసారీ, హిందీలో ఒకసారీ తీయగా చెప్పింది. అక్క మళ్లీ చేసింది. ఎత్తి బతికే ఉన్నానని చెప్పవచ్చు. కానీ ఎత్తిన చప్పుడుకే ఆమె పడిపోతుంది. ఎనభై ఏళ్లు, బీపీ. కొత్త నంబరు నుంచి వస్తే అసలు తీయదు. అందుకని మధ్యాహ్నంలోగా నా ఫోను నుంచి ఒక్క రింగు వెళ్లాలి.

మా వీధి పాన్ షాపులోనే వేయించవచ్చు. కానీ అక్కడ దొరికేదల్లా రోజుకి రెండు జీబీలు, సినిమాలు, క్రికెట్టు, ఇంకేవో పాటలు అంటగట్టిన ప్లాను. మాటలకి మాత్రమే ఉన్న చిన్న ప్లాను తన దగ్గర లేదన్నాడు. సిద్ధాంతం కోసం నిరాకరించానని మా ఇళ్ల లైనంతా చెప్పుకున్నాను. అసలు సంగతి, పది రోజుల కింద ‘చచ్చినా నీ దగ్గర వేయించను’ అని వాడి మీద అరిచి వచ్చాను. ఆ మాట మింగలేక రైలెక్కాను.

సంతోష్‌పూర్‌లో ఎక్కి ఎదురుగా కూర్చున్న బెంగాలీ ఆయన పన్నెండో మోత దాకా ఓర్చుకున్నాడు. ‘దాదా, ఎత్తండి, ఎవరో పాపం!’ అన్నాడు. ఎత్తితే నేను చచ్చినట్టని చెప్పాను. ఆయన కాస్త పక్కకి జరిగాడు. కాసేపటికి నా ప్రయాణం ఎందుకో తెలిసి మళ్లీ దగ్గరికి వచ్చాడు. ‘ఈ ఫోను కంపెనీల నెల ఇరవై ఎనిమిది రోజులే దాదా. ఏడాదికి పదమూడు నెలలు. ఆ పదమూడో నెల పెన్షను మాత్రం నాకెవరూ ఇవ్వరు’ అన్నాడు. రైలుపెట్టె అంతా నవ్వింది.

తొమ్మిదీ పదికి సియాల్దా. అక్కడినుంచి బస్సులో నగరం నడిబొడ్డున ఉన్న ధర్మతల్లా. కంపెనీ షోరూము పదింటికి తెరుస్తారు. మీరు వెళ్తే ఆ ఖాళీలో మూలనున్న బండి దగ్గర కచౌరీలు తినండి. నేను రెండు తిన్నాను. మా డాక్టరు ఇది చదవడని నమ్మకం కుదిరింది గనక చెప్తున్నాను, నాలుగు.

లోపల చల్లగా ఉంది. ఫోను చూసి పగలబడి నవ్వే కుటుంబం ఫొటో గోడంతా ఉంది. బిల్లు ఇంకా వాళ్లకి అందలేదేమో. టోకెను తీసుకుని అరగంట కూర్చున్నాక నా వంతు వచ్చింది. కౌంటర్లో అమ్మాయి నా పేరు చూసి తెలుగులోకి దిగింది.

‘మీది ఏ వూరు తాతా? మాది ఖిదిర్‌పూర్, మా నాన్నోళ్లది టెక్కలి. రోజుకి ఎన్ని కాల్స్ చేస్తారేటి?’

‘ఒక నలభై. పోర్టువాళ్లు సలహాలకి వదలరు.’

‘ఫోను ఇలాగియ్యండి.’ వేలితో పైకీ కిందికీ జరిపింది. ‘నెలంతా కలిపి నాలుగు నిమిషాలు. అదీ గ్యాస్ బండకి! మరి రోజూ అయిదున్నరకి ఈ ఒక్క రింగేటి?’

నా వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను నోరు తెరిచేలోగా ఆమె చేతిలో ఫోను మోగింది. కౌంటరు అలవాటు కదా, ఠక్కున నొక్కి, ‘హలో, చెప్పండి!’ అంది.

‘ఓరి నా తమ్ముడో!’

స్పీకరు ఎలా ఆన్ అయిందో తెలీదు. షోరూము మొత్తం లేచి నిలబడింది. వాచ్‌మన్ తలుపు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఫోను లాక్కున్నాను.

‘అక్కా, నానే! బతికే ఉన్నాను!’

ఏడుపు ఆగింది. పూర్తిగా ఆగలేదు, తిట్టుగా మారింది.

‘బతికుండి పరాయి పిల్లచేత ఎత్తిస్తావేట్రా ఎదవా? పొయ్యి ఆర్పేసినాను. వీధి వీధంతా వొచ్చి కూకుంది. ఇప్పుడు ఆళ్లకి ఏటి సెప్పాల?’ అని పెట్టేసింది.

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ చిన్న ప్లాను వెతికి పెట్టింది. అది జాబితాలో అట్టడుగున ఉంది.

‘అంత కిందికి ఎందుకు తోశారమ్మా?’

‘అడిగినోళ్లకే సూపించాలంట తాతా. ఎవులూ అడగరు.’

పన్నెండూ పదికి సియాల్దాలో తిరుగు రైలు. కిటికీ పక్క సీటు దొరికింది. బాలీగంజ్ దాటాక ఫోను మోగింది. అక్క. చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగింది. మూడో మోతకి ఎత్తాను.

‘ఎవరు పోయారే?’

‘ఎవులూ పోలేదురా. ఊరికే.’

‘పెట్టేయవే, డబ్బులవుతాయి.’

‘డబ్బులేటి? మనవడు ఏడాదికొక్కపాలి ఏసేత్తన్నాడు. ఎంతసేపైనా ఫ్రీయంట. మూడేళ్లయినాది.’

‘మరి మూడేళ్లుగా రింగిచ్చి పెట్టేస్తున్నావేం?’

‘నువ్వు ఎత్తలేదు కదరా.’

 ఏం తిన్నావంది. పెద్ద హోటల్లో బిర్యానీ అన్నాను. మాఝేర్‌హట్ వచ్చేసరికి కచౌరీలని ఒప్పుకున్నాను. తర్వాత ఆమే మొదలుపెట్టింది. కొత్త దూడ, వీధి గొడవలు, మోకాలి నొప్పి, ఎప్పుడో జరిగిన పెద్దకూతురి మొదటి కాన్పు.

ఒంటి గంటన్నరకి రైలు బడ్జ్ బడ్జ్ చేరి ఖాళీ అయింది. అక్క ఇంకా రెండో కాన్పు దగ్గరే ఉంది. మళ్లీ సియాల్దా వెళ్లేవాళ్లు ఎక్కి సీట్లు పట్టుకుంటున్నారు. నేను లేవలేదు. మా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద సిగ్నలు ఉండదు, అందుకని.

ఉంటుంది. బాగానే ఉంటుంది.